పసిపిల్లల అతిసారము – తుత్తునాగపు మాత్ర

ఇత్తడి బిందెలోను, ఇంటికి కప్పు రేకు పైపూతలోను ఉండు తుత్తునాగము మనిషి దేహములో కూడ ఉన్నదనిన చాలమందికి వింతగా తోచును. వాడుకలో దీనిని జింకు అనుచున్నారు. పెద్దవాని శరీరములో ఇది సుమారు 2 గ్రాములు మాత్రమే యుండును. ఇంత స్వల్పమైనను దీని పని స్వల్పము కాదు. దేహములో నిరంతరము జరుగు రసాయనిక క్రియలలో వందలకొలది ఈ ధాతువు తోడు లేనిదే సాగవు. పిల్లల ఎదుగుదలకు, గాయములు మానుటకు, రోగములను ఎదిరించు శక్తికి, ప్రేగుల లోపలి పొర ఎప్పటికప్పుడు క్రొత్తదగుటకు ఇది అవసరము. ఇనుమును కాలేయము నిలువచేసినట్లు దీనిని దాచుటకు దేహమునకు ప్రత్యేకమైన కొట్టు లేదు. కనుక ఏనాటి కానాడు ఆహారమునుండియే లభింపవలెను.

ఈ ధాతువు లోపించిన మనిషికి ఎట్టి హాని కలుగునో లోకమునకు తెలిపినవారిలో ముఖ్యుడు భారతీయుడే. బీహారులోని బక్సరులో జన్మించి, పాట్నాలో వైద్యవిద్య నభ్యసించిన డాక్టరు ఆనంద ప్రసాద్ 1958లో ఇరాన్ దేశమందలి షిరాజ్ నగరమునకు వెళ్లిరి. అచ్చట ఒక రోగి వయస్సు 21 సంవత్సరములు. చూచుటకు మాత్రము పదియేండ్ల బాలుడు. రక్తహీనత తీవ్రముగా నుండెను. అతని ఆహారము ముఖ్యముగా గోధుమ రొట్టె. దానికి తోడు మట్టి తిను అలవాటు. ఇట్టి రోగులను గూర్చి డాక్టరు ప్రసాద్, ఆయన సహచరులు 1961లో ప్రకటించిరి. తరువాత ఈజిప్టులో జరిగిన పరిశోధనలలో ఈ విధముగా ఎదుగుదల నిలిచినవారికి తుత్తునాగము ఇచ్చి చూడగా వారు ఎత్తు పెరిగిరి.

రొట్టె తిన్నవానికి ఈ లోపమేల కలిగెను? ధాన్యములందును, పప్పులందును తుత్తునాగము లేకపోలేదు. కాని వానిలో ఫైటేటు అను పదార్థమును కలదు. అది ఈ ధాతువును పట్టియుంచి, ప్రేగులు గ్రహింపకుండ అడ్డుపడును. మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు అరుదుగా దొరకు ఇండ్లలో, ధాన్యమే ప్రధానాహారమైనచోట, లోపమునకు అవకాశము హెచ్చు. మన దేశమున అనేక కుటుంబముల స్థితి ఇదియే.

అట్టి ఇంటి పసిబిడ్డకు అతిసారము వచ్చినపుడు ఉన్న కొద్దిపాటి తుత్తునాగమును విరేచనములతో పోవును. అది పోయినకొలది ప్రేగుల పొర బాగుపడుట ఆలస్యమగును. రోగనిరోధక శక్తి తగ్గును. బిడ్డ మరల అతిసారము పాలగును. ఈ చక్రమును త్రెంపుటకే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యూనిసెఫ్‌యు కలిసి అతిసార చికిత్సలో తుత్తునాగమును చేర్చవలెనని ప్రకటించినవి. దీనివలన విరేచనములుండు కాలము సుమారు నాలుగవ వంతు తగ్గునని పరిశోధనలు తెలిపినవి. ఆరు నెలలు దాటిన పిల్లలలో ఈ మేలు స్పష్టముగా కనబడినది. తరువాతి రెండు మూడు నెలలలో వ్యాధి తిరిగి వచ్చుటయు తగ్గునని ఆ ప్రకటనలో చెప్పబడినది. భారతదేశమున 2014లో అతిసార నియంత్రణ పక్షములు ఆరంభమై, ఆశా కార్యకర్తలు ఈ మాత్రలను ఇంటింటికి చేర్చసాగిరి.

అయితే మొదటి రక్షణ మాత్ర కాదు, నీరు. అతిసారములో ప్రాణము తీయునది నీరును, లవణములును దేహమునుండి పోవుటయే. కావున ఓ.ఆర్.ఎస్. పొట్లమును 1 లీటరు శుభ్రమైన నీటిలో పూర్తిగా కలిపి, కొద్దికొద్దిగా పట్టుచుండవలెను. కలిపిన నీటిని 24 గంటలు దాటిన పిదప వాడరాదు. తల్లిపాలు మానిపింపరాదు. లంఖణము పరమౌషధమను సామెత పసిబిడ్డ అతిసారమునకు వర్తింపదు. ఆహారము ఎప్పటివలె పెట్టవలెను.

ఇక మాత్ర విషయము. జాతీయ కార్యక్రమములో వాడు 20 మిల్లీగ్రాముల మాత్రను 2 నెలలనుండి 6 నెలల లోపు బిడ్డకు సగము, 6 నెలలనుండి 5 సంవత్సరముల వరకు ఒకటి చొప్పున దినమున కొకసారి ఇత్తురు. దీనిని చెంచాలో తల్లిపాలతో గాని, శుభ్రమైన నీటితో గాని కరగించి త్రాగింపవలెను. అరగంట లోపల వాంతియైనచో మరల ఒకసారి ఇయ్యవచ్చును. ఇంతకంటె తక్కువ మోతాదులును దాదాపు సమానముగా పనిచేసి, వాంతులు తగ్గించినట్లు భారతదేశములోను, టాంజానియాలోను జరిగి 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. కనుక మోతాదు విషయమున ఆరోగ్య కార్యకర్త చెప్పినట్లే నడువవలెను.

మాత్రలు ఇయ్యవలసినది 14 దినములు. విరేచనములు మూడు నాలుగు దినములలో తగ్గుట కలదు. బిడ్డ ఆడుకొనుట చూచి, తల్లి మిగిలిన మాత్రలను గూటిలో పెట్టి మరచును; లేదా పొరుగింటి బిడ్డకు ఇచ్చును. నష్టము ఇచ్చటనే కలుగుచున్నది. మొదటి మాత్రలు నేటి వ్యాధి కొరకు. చివరి మాత్రలు రానున్న వ్యాధిని ఆపుట కొరకు. విరేచనములు ఆగినంతమాత్రమున దేహము కోల్పోయినది తిరిగి చేరినట్లు కాదు. మాత్ర ఇచ్చిన దినమెల్ల గోడమీది క్యాలెండరులో ఒక గుర్తు పెట్టుకొనిన లెక్క తప్పదు.

మేలుచేయునది గదా యని ఎక్కువగా వాడరాదు. అధికమైన తుత్తునాగము వాంతులు కలిగించును. దీర్ఘకాలము వాడినచో దేహములో రాగి లోపించును. ఆరోగ్యవంతులు సలహా లేకుండ దీనిని బలపు మందుగా కొనుట తగదు. వారికి ఆహారమే మార్గము. మొలకెత్తించిన పెసలు, రాగులు, పులియబెట్టిన ఇడ్లీపిండి, దోసెపిండి – వీనిలో ఫైటేటు తగ్గును. వేరుసెనగలు, నువ్వులు, పప్పులు, వీలున్నచో గ్రుడ్డు, చేప, మాంసము పెట్టుట మంచిది.

విరేచనములో రక్తము కనబడినను, కన్నులు గుంటలు పడినను, బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, ఆగక వాంతులైనను ఆలస్యము చేయక వైద్యశాలకు తీసికొనిపోవలెను. రెండు నెలలు నిండని శిశువును ఏ లక్షణమునకును వేచియుండక వెంటనే చూపింపవలెను. తక్కిన బిడ్డలకు ఇంటిలోనే ఓ.ఆర్.ఎస్. నీరు, ఎప్పటి ఆహారము, పదునాలుగు దినముల మాత్ర – ఈ మూడును ఏ ఒక్కటియు విడువక ఇయ్యవలెను.