కోనసీమలో జీతం, కూలి, కౌలు: వేతన అసమానత - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వేతన అసమానతను కొలిచే సాధనాల్లో నిష్పత్తి ఒకటి. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీ తన ఒక్కొక్క డైరెక్టరు పొందే ప్రతిఫలం ఉద్యోగుల మధ్యగత వేతనానికి ఎన్ని రెట్లో వెల్లడించాలని కంపెనీల చట్టం, 2013లోని 197(12) సెక్షను నిర్దేశిస్తుంది. వేతనాలను ఆరోహణ క్రమంలో పేర్చినప్పుడు నడుమ నిలిచేదే మధ్యగతం. ఈ లెక్కకు ఉద్యోగుల జాబితా ఆధారం. జాబితాకెక్కని శ్రమ అధికంగా ఉన్న కోనసీమలో అసమానతను గుర్తించడానికి ప్రతిఫలానికున్న పేర్లు తోడ్పడతాయి. ఎవరికెంత దక్కుతుందన్నది నిష్పత్తి చెబితే, నష్టం ఎవరిదన్నది ఈ పేర్లు చెబుతాయి.

2. పేర్లు - నష్టభారం

‘జీతం’ సంస్కృత ‘జీవిత’ శబ్దభవం. పని ఉన్నా లేకున్నా గడువు ప్రకారం అందేది కనుక బతుకుకు భరోసా అన్న అర్థం అందులో నిలిచి ఉంది. ‘కూలి’ అలా కాదు. వాన కురిసి పని ఆగితే ఆ రోజు కూలి లేదు. కొబ్బరి తోటల్లో దింపు, ఒలుపు కార్మికుల కూలి చేసిన పని పరిమాణాన్ని బట్టి ఉంటుంది. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు విస్తారంగా కూలిపోయాయి. రైతు చెట్టును కోల్పోతే, దింపు కార్మికుడు ఆ చెట్టుపై రావలసిన ఏళ్ల తరబడి కూలిని కోల్పోయాడు. ఈ రెండో నష్టం పంట నష్టపు లెక్కలోకి రాదు.

‘కౌలు’ ఇందుకు భిన్నం. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే నిర్ణయించుకున్న కౌలులో పంట తగ్గినా భూయజమాని వాటా తగ్గదు, తరుగు కౌలుదారుదే.

3. పంట విరామం

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలను సాగు చేయకుండా వదిలారు. సాధారణ రకం వరికి ఆ ఏడాది కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ.1,080. పెరిగిన సాగు ఖర్చుకు అది చాలదన్నది వారి వాదన. ఉపాధి హామీ పథకాన్ని వ్యవసాయంతో అనుసంధించాలని కూడా కోరారు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించింది.

రైతు ఆవేదన వాస్తవమే. అయితే ‘విరామం’ భూమికి వర్తించిన మాట. ఊడ్పు, కోత పనులపై ఆధారపడిన కూలీలకు, ముఖ్యంగా స్త్రీలకు, అది పనిదినాల నష్టం. నిర్ణయం ఒకరిది, దాని ఫలితం మరొకరిది.

4. అప్పు

క్రమబద్ధమైన జీతం గలవారికి జీతపు చీటీయే బ్యాంకులో హామీ. కౌలుదారుకు అటువంటి పత్రం లేదు. 2011 నాటి చట్టం రుణ అర్హత కార్డును, 2019 నాటి చట్టం పంట సాగుదారు హక్కుల పత్రాన్ని కల్పించాయి. రెండవదానికి భూయజమానితో 11 నెలల ఒప్పందం అవసరం. యజమాని సంతకం చేయకపోతే పత్రం రాదు. పత్రం లేనివారికి ప్రైవేటు అప్పే దిక్కవుతుంది.

5. ముగింపు

ఆదాయాల అంతరం ఎంతన్నది అసమానతలో ఒక భాగం మాత్రమే. తుపాను, ధర, విరామం వల్ల కలిగే నష్టం ఎవరిపై పడుతుందన్నది రెండవ భాగం. జీతం, కూలి, కౌలు అనే మాటల్లో ఈ రెండవ భాగం నిక్షిప్తమై ఉంది. వేతన నిష్పత్తితో పాటు నష్టభారాన్నీ పరిగణిస్తేనే కోనసీమ శ్రమజీవుల స్థితి అధ్యయనానికి అందుతుంది.