వార్తల్లో పదం: డీఈఐసీ

జిల్లా ఆసుపత్రుల వార్తల్లో కనిపించే డీఈఐసీ అంటే జిల్లా సత్వర చికిత్స కేంద్రం. పుట్టుకతో లోపాలు, ఎదుగుదలలో జాప్యం ఉన్న పిల్లలకు పరీక్షలు, థెరపీలు ఒకేచోట అందించడం దీని పని. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఇది భాగం. 18 ఏళ్ల వరకు సేవలు ఉచితం. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడుల్లో ఒకసారి పరీక్షలు చేసి, అవసరమైన పిల్లలను ఇక్కడికి పంపుతాయి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపనే తీసుకోండి. గుండెలో రంధ్రం ఉండొచ్చు, వినికిడి తగ్గొచ్చు, థైరాయిడ్ పరీక్ష చేయించాలి, నడక ఆలస్యమవుతుంది. ఒక్కో సమస్యకు ఒక్కో ఆసుపత్రి అంటే, కూలి పోగొట్టుకుని, పాపను ఎత్తుకుని, ఫైలు పట్టుకుని తిరగాల్సింది తల్లే. పిల్లల వైద్యులు, ఫిజియోథెరపిస్టు, ఆడియాలజిస్టు, సైకాలజిస్టు ఒక జట్టుగా చూడాలన్నది ఈ కేంద్రం ఉద్దేశం. వీళ్లను కలిపి నడిపే మేనేజరు పోస్టే ఇందులో అన్నిటికన్నా కీలకం. ఆపరేషన్‌కు పెద్దాసుపత్రికి పంపాక, తిరిగొచ్చిన బిడ్డకు థెరపీ ఆగకుండా చూసేవారు ఎవరో ఒకరు ఉండాలి కదా.

మెదడు వేగంగా ఎదిగే తొలి ఏళ్లలోనే థెరపీ మొదలైతే ఫలితం ఎక్కువ. బిడ్డ మెడ నిలపకపోయినా, పిలిస్తే తిరగకపోయినా ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్‌నో వెంటనే అడగొచ్చు.