బిడ్డ మనస్సు, బడి

మా చర్లపల్లికి కర్మాగారములలో పనికై పలు జిల్లాలనుండియు, పరరాష్ట్రములనుండియు కుటుంబములు వచ్చి నివసించుచున్నవి. వారి బిడ్డల యాసను విని తోడిపిల్లలు నవ్వినచో, "ఓర్చుకొనుము" అని పెద్దలు బోధింతురు. నవ్వినవారిని వారింపక, నొచ్చినబిడ్డకే ఓర్పు నేర్పుట న్యాయమా యని మే మడుగుచున్నాము.

అమెరికాలో నల్లజాతి బాలబాలికల విషయమున నిట్టి ప్రశ్నయే పుట్టినది. బిడ్డలు తమ సంస్కృతిని విడువకయే చదువున రాణింపవలెననియు, అన్యాయమును గుర్తింప నేర్వవలెననియు గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అను విదుషీమణి 1995లో వ్రాసిరి.

ఇట్టి కృషి మన హైదరాబాదునకు క్రొత్త గాదు. 1888లో జన్మించిన భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అస్పృశ్యులని త్రోయబడిన మాలమాదిగల నడుమ హరికథలద్వారా జ్ఞానము పంచిరి. 1910లో ఇసామియా బజారున ఆ వాడలబిడ్డలకై బడి తెఱచిరి. రాజ్యమున ఉర్దూ ప్రాబల్యము వహించియున్నను, వీరి బడులలో తెలుగున బోధించిరి. వీరి ఉద్యమమున ఆ జనులు ఈ నేలకు మూలవాసులను భావముతో "ఆదిహిందువు"లైరి. ఇంటిభాష, తెలిసిన కథ, తలయెత్తుకొను పేరు - ఈ మూడును అక్షరములతోపాటు ఆ బిడ్డలకు దక్కినవి.

సోదరీమణులారా! బిడ్డ బడినుండి రాగానే మార్కు లడుగుటకు ముందు, "నేడు నిన్నెవరైన నొప్పించిరా? నీవెవరినైన నొప్పించితివా?" అని యడుగుదము. రెండవ ప్రశ్నను మఱువరాదు. పరులయాసను, కులమును ఎగతాళిచేయుట పిల్లలు తఱచు మన యింటిమాటలనుండియే నేర్తురు.