శంషాబాద్ నుంచి విశాఖకు గంటే.. అక్కడి నుంచి అరకుకే మూడు గంటలు! లెక్క ఎక్కడ తప్పుతోంది?

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్ నుంచి అరకు వెళ్లే కుటుంబాలు పెరుగుతాయి. శంషాబాద్ నుంచి విశాఖపట్నం విమానాశ్రయానికి సుమారు 510 కిలోమీటర్లు, ప్రయాణం గంటకు కాస్త పైన అని ఫోన్‌లో కనిపిస్తుంది. దాంతో ‘పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దాం’ అని లెక్క వేసుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

ఆ 510 కిలోమీటర్లు రెండు విమానాశ్రయాల మధ్య గాలిలో అతి దగ్గరి దారి. రోడ్డు మీద అయితే 600 దాటుతుంది. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది కదా, 40 నిమిషాలు చాలదా అనే సందేహం రావచ్చు. కానీ పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు ఆ వేగం ఉండదు. పైగా టికెట్ మీద వేసే టైమ్‌లో రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, వంతు కోసం ఆగడం కూడా కలిసే ఉంటాయి. పంకాలతో నడిచే ఏటీఆర్ విమానమైతే ఇంకాస్త ఆలస్యం. చలికాలంలో పై గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు.

రంజాన్‌లో వెళ్లేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గడియారం ఒకటే అయినా సూర్యుడు ఒకేసారి అస్తమించడు. విశాఖ శంషాబాద్‌కు దాదాపు 4.8 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇఫ్తార్ సుమారు 19 నిమిషాలు ముందే వస్తుంది. ఇఫ్తార్ కాస్త ఆలస్యమైతే సరే, సహరీ గడువు కూడా అంతే ముందు. హైదరాబాద్ టైమ్‌టేబుల్ పట్టుకుని తింటే రోజా మీదికే వస్తుంది.

ఇక అసలు ప్రయాణం విశాఖలో దిగాక మొదలవుతుంది. అరకు అక్కడికి గాలిలో 80 కిలోమీటర్ల లోపే. రోడ్డున సుమారు 115. ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ మలుపుల్లో 900 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. మూడు గంటలకు తక్కువ కాదు. రైలు దారిలో 58 సొరంగాలు ఉన్నాయి, చూడ్డానికి బాగుంటుంది. కానీ కిరండూల్ ప్యాసింజర్ తెల్లవారాక ఏడు లోపే కదులుతుంది, ఆ రోజు విమానంలో వచ్చినవారికి అందదు. తిరుగు విమానం సాయంత్రం 6 గంటలకు ఉంటే మధ్యాహ్నం 12 లోపే అరకు వదలడం మంచిది.

కొండలకు ఆవల ఒడిశాలోని జైపూర్‌లో చిన్న విమానాశ్రయం ఉంది. 2022 అక్టోబర్ 31న అక్కడి నుంచి భువనేశ్వర్‌కు 9 సీట్ల విమానం మొదలైంది. విశాఖకు జైపూర్ గాలిలో 150 కిలోమీటర్ల లోపే, ఘాట్ రోడ్డులో 200 పైనే. అరకులో అలాంటి రన్‌వే లేదు.

టూరిస్టుకు ఆ మూడు గంటలు ఫొటోలతో గడిచిపోతాయి. అరకు నుంచి విశాఖ కేజీహెచ్‌కు పంపిన గర్భిణికి కూడా దారి అదే, మలుపులు అవే. రోడ్డు లేని గూడెం వాళ్లయితే ముందు డోలీలో మోసుకుని రోడ్డు దాకా రావాలి. ఆ నడక ఏ మ్యాప్ చూపే టైమ్‌లోనూ ఉండదు.

విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అక్కడ దిగితే విశాఖ ట్రాఫిక్‌లోకి వెళ్లకుండా విజయనగరం మీదుగా ఎస్.కోట చేరొచ్చు. ఘాట్ మాత్రం ఎస్.కోట తర్వాతే మొదలవుతుంది.