కుర్చీ కదలదు... కడుపు తిప్పుతుంది!

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో క్లైడ్ నది దక్షిణపు ఒడ్డున 1988లో గార్డెన్ ఫెస్టివల్ జరిగింది. జనం అక్కడ కోకాకోలా రోలర్‌కోస్టర్ ఎక్కి కేకలు పెట్టారు. ఆ చోట ఇప్పుడు సైన్స్ సెంటరూ, దాని ఐమాక్స్ తెరా ఉన్నాయి. అవతలి ఒడ్డున ఎస్‌ఈసీ ప్రదర్శనశాలల్లో క్రిస్మస్ రోజుల్లో ఐర్న్‌బ్రూ కార్నివాల్ నడుస్తుంది. బయట ఎముకలు కొరికే చలి, లోపల ఊగేవీ తిరిగేవీ తలకిందులు చేసేవీ. ఇదే నగరంలో, గిల్మోర్‌హిల్ గుట్ట మీది గ్లాస్గో యూనివర్సిటీలో, ప్రొఫెసర్ స్టీఫెన్ బ్రూస్టర్ బృందం ఇంకో సంగతి తేల్చే పనిలో పడింది: కదిలే వాహనంలో వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషికి వాంతి రాకుండా ఏం చేయాలి? అడిగింది కారు ప్రయాణికుడి కోసమే అయినా, ఆ జవాబు తెర ముందు కూర్చోబెట్టే రైడ్‌లున్న నేటి థీమ్‌పార్కులకు మరీ అవసరం.

చెవి లోపల వినికిడితో పనిలేని ఏర్పాటొకటి ఉంది. మూడు అర్ధవృత్తాకార నాళాలు తల ఎటు తిరిగిందో చెబుతాయి. వాటి పక్కనే ఉన్న రెండు చిన్న సంచుల్లో సూక్ష్మమైన కాల్షియం స్ఫటికాలుంటాయి. ముందుకు దూకామా, కిందికి జారామా, పక్కకి ఒరిగామా అన్నది పసిగట్టేవి అవే. పాతకాలపు రోలర్‌కోస్టర్‌లో ఒళ్లు నిజంగానే కిందికి పడుతుంది, కన్నూ అదే చూస్తుంది. సిమ్యులేటర్ రైడ్‌లో కుర్చీ కదిలేది కాస్తే. తెర మీద మాత్రం లోయలోకి దూకేస్తుంటాం. పడిపోతున్నామని కన్ను, లేదని చెవి. ఇక నోట్లో నీళ్లూరతాయి, చల్లటి చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది.

కన్నూ చెవీ పోట్లాడుకుంటే మధ్యలో కడుపెందుకు నలగాలి? విషం తిన్నప్పుడు ఇంద్రియాల లెక్క ఇలాగే తప్పుతుంది కాబట్టి మెదడు ముందుజాగ్రత్తగా కక్కించేస్తుందని 1977లో ట్రైస్‌మన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. అది ఊహే. అయినా కాదనడానికి నాకు మనసొప్పదు.

కంటిని మోసగించే రైడ్‌లు కంప్యూటర్లతో పుట్టినవి కావు. 1894లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో ‘హాంటెడ్ స్వింగ్’ అనే ఉయ్యాల పెట్టారు. గది మధ్యలో వేలాడే ఉయ్యాలలో జనం కూర్చుంటారు. అది కాస్త ఊగి ఆగిపోతుంది, ఆపైన తిరిగేది గదే. కూర్చున్నవాళ్లకు మాత్రం తామే గుండ్రంగా తిరిగి తలకిందులైనట్టు ఉంటుంది. భౌతిక శాస్త్రవేత్త ఆర్.డబ్ల్యు. వుడ్ 1895లో దాని గురించి రాశాడు. కిటుకు పూర్తిగా తెలిసి కూర్చున్నా, ఊగినట్టు అనిపించిన ప్రతిసారీ తన గుండె జారిపోయిందన్నాడు. తల తిరిగి, వికారంతో బయటికి నడవలేకపోయినవాళ్లూ ఆయనకు తగిలారు. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో 2000లో తెరిచిన ‘హెక్స్’ ఆ ఉయ్యాల వంశానిదే. ‘అదంతా బొమ్మేరా, భయమెందుకు’ అని పిల్లల్ని దబాయించేవాళ్లు వుడ్ అనుభవాన్ని ఒకసారి తలుచుకోవాలి. తెలిసినంత మాత్రాన కడుపు ఊరుకోదు.

వేగం ఎక్కువైతే వికారం ఎక్కువన్న లెక్కా నిలవదు. మనిషిని బాగా ఇబ్బంది పెట్టేది ఐదు సెకన్లకు ఒకసారి చొప్పున వచ్చే నెమ్మదైన ఊపు. పడవలో ఉండేది అదే. కదలిక ముందే తెలియడమూ లెక్కలోకి వస్తుంది. అరకు ఘాట్‌లో బస్సు మలుపులు తిరుగుతుంటే సీట్లలో ఉన్నవాళ్లు నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటారు, డ్రైవర్‌కి ఏమీ కాదు. మలుపు ఎప్పుడొస్తుందో అతని ఒంటికి ముందే తెలుసు.

గ్లాస్గో బృందంలోని మార్క్ మెక్‌గిల్, అలెగ్జాండర్ ఎన్‌జీ, బ్రూస్టర్‌లు 2017లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. వాళ్లు రోడ్డు మీద నిజంగా నడుస్తున్న కారులోనే ప్రయాణికులకు హెడ్‌సెట్లు పెట్టారు. కారు కదలికను హెడ్‌సెట్ లోపలి దృశ్యంలో రకరకాలుగా చూపించారు. వికారం తగ్గాలి, దృశ్యంలో లీనమవడమూ చెడకూడదు. అందరికీ సరిపోయే పద్ధతి ఒక్కటీ దొరకలేదు. తేలిగ్గా వికారపడేవాళ్లకు ఒకటి, తట్టుకునేవాళ్లకు మరొకటి కావాల్సి వచ్చింది. ఆపిల్ 2024లో ప్రకటించిన ఫోన్ సదుపాయంలో తెర అంచుల్లో చుక్కలు వాహనంతో పాటు జరుగుతాయి. వాహనం కదలికను కంటికి కూడా తెలియజేయాలన్న ఆలోచనే అక్కడా ఉంది. అక్కర్లేనివాళ్లు దాన్ని ఆపేసుకోవచ్చు.

పార్కుల్లో ఈ ఎంపిక ఎందుకుండకూడదు? ఫ్లోరిడాలోని డిస్నీ ఎప్‌కాట్‌లో 2003లో ‘మిషన్ స్పేస్’ మొదలైంది. మనుషులున్న గదుల్ని గిరగిరా తిప్పి రాకెట్ ఒత్తిడిని అనుభవింపజేసే రైడ్ అది. లోపల వాంతి సంచులు ఉంచాల్సి వచ్చింది. 2006లో తిరగని రకాన్నీ పక్కనే పెట్టారు. ఎవరికి నచ్చింది వాళ్లు ఎక్కుతున్నారు. మన పార్కుల్లోనూ గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కొద్దన్న బోర్డులు కనిపిస్తాయి. తెర ఎంతసేపు కదులుతుందో, కుర్చీ ఎంత కదులుతుందో, అసలు తిరుగుతుందో లేదో కూడా ఆ బోర్డు మీదే రాయాలి. టికెట్ కొన్నవాళ్లకు అది తెలుసుకునే హక్కుంది. బడికెళ్లే వయసు పిల్లల్లో ఈ వికారం ఎక్కువ. వాళ్లలో ఒకరికి వాంతి వస్తే నవ్వే పెద్దల్ని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఎక్కాక వికారం మొదలైతే తలను సీటుకి ఆనించి కదలకుండా ఉంచాలి. తెర మీది దృశ్యం మాత్రమే కదిలే రైడ్ అయితే కళ్లు మూసుకోండి, పోట్లాట అక్కడితో ఆగుతుంది. పట్టాల మీది రోలర్‌కోస్టర్ అయితే కళ్లు తెరిచే ఉంచి, రాబోయే మలుపు వైపు చూడండి.