నిప్పు లేని మంట

పిల్లలూ, మంట బొమ్మ వెయ్యమంటే మీలో చాలామంది ఏం చేస్తారో నాకు తెలుసు. తమలపాకులాంటి గీత గీసి, లోపల పసుపు నింపి, అంచున ఎరుపు పూస్తారు. అది మంట అని అందరూ గుర్తుపడతారు గాని, ఎవరికీ వేడి తగలదు! ఎందుచేత? మంటకు అంచు గీత వుండదు. కొవ్వొత్తిలో మనకు పసుపుగా కనిపించేది, మండే వాయువులో కాగి మెరిసే సన్నని మసి రేణువుల వెలుగే. గీత గీసి వెలుగును పట్టడం ఎలా?

అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధం తరవాత, కాలిఫోర్నియా కుర్రవాళ్ళు పాత ఫోర్డు కార్లను విప్పి, మరింత వేగంగా పరుగెత్తేటట్టు మార్చుకునేవారు. వాటి ముందు భాగాన మంటలు వేయించుకోవడం వాళ్ళకొక వేడుక. 1950లలో వాన్ డచ్ అనే మారుపేరు గల కెన్నెత్ హోవర్డ్ ఇందులో పేరు పొందాడు. ఆ మంటలు చదునైనవి; నాలుకలు చాచినట్టు వుండి, చుట్టూ సన్నని గీత వుండేది. అచ్చం నిజం మంటలా వేసే పద్ధతికి ఆ తరవాత చాలాకాలానికి వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన మైక్ లావలీ పేరు తెచ్చాడు.

దీనికి వాడే పనిముట్టు ఎయిర్‌బ్రష్. బ్రష్ అన్న పేరే గాని, ఒక్క వెంట్రుక కూడా వుండదు. లావుపాటి కలమంత వుంటుంది. వత్తిడితో వచ్చిన గాలి దాని మొన దగ్గర వేగంగా దూసుకుపోతుంది. అక్కడ వత్తిడి తగ్గి, రంగు బయటికి లాగబడి, మంచు తుంపరలా చెదురుతుంది. మీట నొక్కితే గాలి, వెనక్కు లాగితే రంగు. దగ్గరగా పట్టుకుంటే సన్నని గీత, దూరంగా పట్టుకుంటే మేఘం!

మొదట రేకుకు నల్లరంగు వేస్తారు. దానిమీద పసుపును పలచగా చిమ్మి, మంట ఎటు సాగుతుందో సూచిస్తారు. తరవాత వంపులు కత్తిరించిన స్టెన్సిల్ పలకను తీస్తారు. దాన్ని రేకుకు ఆనించి అంచు వెంబడి చిమ్మితే, ఒక పక్క గీత పదునుగా వస్తుంది, రెండో పక్క పొగలా కరిగిపోతుంది. కాస్త పైకెత్తి పట్టుకుంటే రెండు పక్కలా మెత్తగా వస్తుంది. నిజం మంటలో ఈ రెండూ వుంటాయి. పలకను మాత్రం తిప్పుతూ వుండాలి. ఒకే వంపు మళ్ళీ మళ్ళీ పడిందంటే, అది మంట కాదు, చీర అంచు!

ఇక అసలు కిటుకు. ఇంత శ్రమపడి వేసిన పసుపు మంటలన్నిటి మీదా గాజులాంటి పారదర్శకమైన ఎర్రరంగు చిమ్ముతారు. కొత్తవాడి చెయ్యి ఇక్కడే వణుకుతుంది. మెరిసేదంతా మసకబారుతుంది గదా! అయినా భయం లేదు. వెలుగు ఆ ఎరుపులో నుంచి లోపలికి పోయి, పసుపుకు తగిలి, మళ్ళీ ఎరుపులో నుంచే బయటికి వస్తుంది. అందుచేత ఆ మంట దూరాన, లోతున వున్నట్టు తోస్తుంది. కింద వున్న నలుపు మాత్రం నలుపుగానే వుంటుంది. దానిమీద మళ్ళీ పసుపు, ఈసారి తక్కువచోట్ల. మళ్ళీ పారదర్శకమైన పూత. ఇలా పొర మీద పొర వేసి, చివరికి నాలుగైదు చోట్ల మాత్రం తెలుపు కలిసిన పసుపు తాకిస్తారు. అది అంతటా పులిమితే మంట కాస్తా దూదిపింజ అవుతుంది.

కార్లకు వాడే రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు చెడుపు. పనివాళ్ళు తగిన ముసుగు లేనిదే ఆ పని చెయ్యరు. మీరు నీటిరంగులతో చేసి చూడండి. నల్ల కాగితం, వంపుగా కత్తిరించిన అట్టముక్క, పాత పళ్ళబ్రష్, దువ్వెన చాలు. బ్రష్‌ను పసుపులో ముంచి దువ్వెన మీద రాస్తే తుంపర పడుతుంది. అది పూర్తిగా ఆరాక పలచని ఎరుపును కూడా అలాగే చిమ్మండి. కుంచెతో పూశారో, కింది పసుపు కరిగి బురద అవుతుంది. ముందుగా నేలమీద పాత వార్తాపత్రిక పరవండి. గోడకు దూరంగా కూర్చోండి.