అమ్మమ్మ కోసం కచేరీ ప్రయాణం

పిల్లలూ! నెల్లూరి నుంచి చెన్నపట్నానికి రైలులో సుమారు మూడు గంటల ప్రయాణం. ఈ డిసెంబరులో ఒక శని, ఆదివారాలు అక్కడ గడపాలని మా ఇంట్లో నిర్ణయమయింది. వెళ్లేది నలుగురం: నేను, మా ఇంటావిడ, మా అమ్మాయి పిల్లలిద్దరూ. బసకు పెద్ద హోటలే అనుకున్నాం. అది తెలిసి మా అమ్మాయి ఫోనులో, "ఒక్క రాత్రికి అంత ఖర్చెందుకు నాన్నా? ఏదైనా సత్రంలో దిగరాదూ?" అన్నది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఎందుకో చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

మీ అమ్మమ్మల్లాగే మా పిల్లల అమ్మమ్మకూ వయసు మీద పడింది. ఆమె ముప్పై ఏళ్లు మా వీధి పిల్లలకు సంగీతం నేర్పింది. రెండేళ్లుగా చెవి యంత్రం పెట్టుకుంటున్నది. మన చెవి లోపల నత్తగుల్ల లాగా చుట్టుకున్న భాగం ఒకటి ఉంది. దానిలో సుమారు 15 వేల సన్నని కణాలు, వాటి కొనలమీద నూగు వంటి కేశాలు ఉంటాయి. వాకిలి దగ్గరి కణాలు హెచ్చు శ్రుతిని, లోపలి కొననున్నవి తగ్గు శ్రుతిని అందుకుంటాయి. వయసుతో ముందుగా పాడయ్యేవి వాకిలి దగ్గరివే. పోయినవి మళ్లీ మొలవవు. అందుకే ఆమెకు మృదంగం బాగానే వినిపిస్తుంది గాని, ఫిడేలు పైస్థాయికి పోయేసరికి, "ఆపేశాడా?" అని నన్నడుగుతుంది. చెవి యంత్రం చాలా సాయం చేస్తుంది, కాని పోయిన కణాలను తిరిగి తేలేదు. కనుక ఈ ప్రయాణాన్ని "వచ్చే ఏడు చూద్దాంలే" అనడానికి నాకు మనసొప్పలేదు.

చలికాలంలో చెన్నపట్నమే ఎందుకంటారా? 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు సంగీత సభ కూడా జరిపారు. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలిసింది. అప్పటినుంచీ డిసెంబరు అంటే ఆ ఊరికి పాటల నెల. మనం ధనుర్మాసం అంటాం, వాళ్లు మార్గళి అంటారు. ఎన్నో సభలవారు ఉదయం నుంచి రాత్రి దాకా కచేరీలు పెడతారు. యునెస్కోవారు 2017లో చెన్నైని సంగీత నగరాల పట్టికలో చేర్చారు.

మనకు మరొక సంతోషం కూడా ఉంది. త్యాగరాజస్వామి (1767-1847) కావేరీ తీరాన పెరిగినా, ఆయన కృతులలో చాలా భాగం తెలుగులోనే ఉన్నాయి. తమిళ దేశంలో, తమిళ శ్రోతల నడుమ, మన మాటలు గంటల తరబడి వినవచ్చునన్న మాట. అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు 1941లో ద్వారం వెంకటస్వామినాయుడుగారికీ, 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికీ లభించింది. నా సంగతి అడగకండి. పాడేవారు ఒక ఒత్తు వదిలేస్తే జవాబు పత్రం దిద్దినట్టు నా చెయ్యి ఊరుకోదు. మా ఇంటావిడ మోచేత్తో పొడుస్తుంది.

ఇక హోటలు సంగతి. మౌంట్ రోడ్డు (ఇప్పుడు అన్నా సాలై) పక్కన బిన్నీ రోడ్డులో కన్నెమారా హోటలు ఉంది. అది 1854లో ఇంపీరియల్ హోటలుగా మొదలయింది. 1886లో ఆల్బనీ అయింది. 1890లో అప్పటి గవర్నరు కన్నెమారా ప్రభువు పేరు పెట్టారు. తరువాత తరువాత కట్టడం మారింది. 1970లలో శ్రీలంక శిల్పి జెఫ్రీ బావా కొత్త భాగానికి రూపం ఇచ్చారు. నా చిన్నతనంలో మా నాన్నగారు ఏటా డిసెంబరులో సత్రంలో దిగి, వెనక వరుసలో కూర్చుని కచేరీలు వినివచ్చేవారు. ఒకసారి నన్నూ తీసుకువెళ్లారు. బస్సులోంచి ఆ తెల్లని మేడ చూపి, "అందులో కాఫీ ఎట్లా ఉంటుందో!" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

ఇప్పుడొక లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి గది అద్దె రోజుకు 7,500 రూపాయల దాకా ఉంటే పన్ను నూటికి 5. అది దాటితే నూటికి 18. 7,500 గదికి చెల్లించవలసింది 7,875. 8,000 గదికి? 9,440! అద్దె పెరిగింది 500, బిల్లు పెరిగింది 1,565. మా మనుమడు ఈ లెక్క రెండుసార్లు చేసి, "తాతయ్యా, ఇది తప్పేమో" అన్నాడు. తప్పు కాదు. ఇదివరకు ఒక ఊళ్లో ఒక హోటల్లో నేను అద్దె మాత్రమే అడిగి, పన్ను అడగడం మరచిపోయాను. మరునాడు బిల్లు చూసి, బస్సు ఖర్చులకు మా ఇంటావిడ చేతిసంచీలోంచి అప్పు తీసుకున్నాను. కనుక, పన్నుతో కలిపి మొత్తం ఎంత, పిల్లల మంచానికి వేరే రుసుం ఉందా, పొద్దుటి ఫలహారం అందులోనే కలిసిందా, ఈ మూడూ ముందే అడగాలి. పండుగ రోజులలో ఇటువంటి హోటళ్ల అద్దె బాగా పెరుగుతుంది. అందుకే ఒక్క రాత్రికే పరిమితమయ్యాం. అంత ఖర్చు పెట్టలేనివారు మామూలు హోటల్లో దిగి, ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి కాఫీ తాగి రావచ్చు. కాఫీ ధర కూడా ముందే చూడండి సుమా!

రైలు టిక్కెట్లు 2024 నవంబరు 1 నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందే ఇస్తున్నారు. అంతకు ముందు 120 రోజులుండేది. డిసెంబరు 19 ప్రయాణానికి ఎప్పుడు కొనాలి? అక్టోబరు 20న. వేళ్లమీద లెక్కించి చూడండి. మా మనుమరాలు క్యాలెండరులో ఆ తేదీకి ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.

వానను గురించి కూడా ఆలోచించాలి. దేశంలో చాలాచోట్ల వానలు వెళ్లిపోయాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైకి, మన నెల్లూరికి ఈశాన్య గాలులు వాన తెస్తాయి. నేలమీదుగా వచ్చే పొడిగాలి బంగాళాఖాతం దాటేటప్పుడు తేమను మోసుకువస్తుంది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటింది. సాధారణంగా నెల మూడో వారానికి వానలు తగ్గుతాయి. తగ్గుతాయని హామీ ఏమీ లేదు, కనుక రద్దు చేస్తే డబ్బు వాపసిచ్చే పద్ధతిలోనే గది తీసుకున్నాం.

శనివారం ఉదయం దిగగానే సామాను హోటల్లో ఉంచి, ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళతాం. ఇది 1851లో ఏర్పడింది. శుక్రవారం సెలవు కనుక మన శనివారానికి ఇబ్బంది లేదు. అక్కడ తిరువాలంగాడు నటరాజును తప్పక చూడాలి. అంతకంటే ముందు నేను పిల్లలను అమరావతి శిల్పాల దగ్గరికి తీసుకువెళతాను. 1845లో వాల్టర్ ఎలియట్ అనే దొర కృష్ణ ఒడ్డున ఆ స్తూపాన్ని తవ్వించి, శిల్పాలను మద్రాసుకు పంపాడు. వాటిలో చాలా వాటిని 1859లో ఓడ ఎక్కించి లండనుకు తరలించారు. "మన రాళ్లు మన ఊళ్లో ఎందుకు లేవు?" అని మనుమడు తప్పక అడుగుతాడు. ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకుంటూనే ఉన్నాను. ఆ ఆవరణలోనే కన్నెమారా గ్రంథాలయం ఉంది. దాన్ని 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు అందుకునే నాలుగు గ్రంథాలయాలలో ఇది ఒకటి. హోటలుకూ దీనికీ ఒకే గవర్నరు పేరు!

మధ్యాహ్నం అమ్మమ్మకు విశ్రాంతి. మంచి గది తీసుకున్నది ముఖ్యంగా ఇందుకే. సాయంత్రం కచేరీ. లౌడు స్పీకరు పక్కన కాకుండా, ముందు వరుసలలో మధ్యగా సీట్లు దొరికితే ఆమెకు మంచిది. గొంతు వినడంతోపాటు పాడేవారి పెదవులు కూడా కనిపిస్తాయి. దొరకకపోతే? ఆదివారం మధ్యాహ్నం కచేరీ ఉండనే ఉంది. చాలా సభలలో చిన్న వయసు కళాకారుల పగటి కచేరీలకు టిక్కెట్టు ఉండదు. తొందరగా వెళితే మొదటి వరుస మనదే. తరువాత సభ క్యాంటీనులో భోజనం. కొందరు పాట మధ్యలో లేచి దానికోసమే పరుగెత్తుతారు. మా ఇంట్లో ఆ పని చేయగల మనిషి ఎవరో నేను చెప్పను.

సామాను జాబితా మనుమరాలు రాసింది. చెవి యంత్రానికి బ్యాటరీలు రెండు జతలు, గొడుగులు రెండు, పెన్సిలు, నోటు పుస్తకం. హాల్లో చలి యంత్రాల కింద కూర్చోవాలి కనుక శాలువా ఒకటి. రైలు టిక్కెట్ల కాగితాన్ని అమ్మమ్మ తన పట్టుచీర మడతలో దాచింది. ఏ చీరలోనో నాకు మాత్రం చెప్పలేదు.